చుక్కల వెలుగు ఎవరు మింగారు?

న్యూ మెక్సికో. అపాచీ పాయింట్. 2,788 మీటర్ల ఎత్తున కొండ అంచు. అర్ధరాత్రి దాటింది. చలి ఎముకల్ని కొరికేస్తోంది. టెలిస్కోపుని కప్పే షెడ్డు పట్టాల మీద వెనక్కి జరిగిపోయింది. రెండున్నర మీటర్ల అద్దం ఆరుబయట, ఆకాశం కింద. దూరాన వైట్ శాండ్స్ దిబ్బలు. గాలి లేచిందంటే ఆ తెల్ల దుమ్ము కొండెక్కుతుంది. ఈ రాత్రి గాలి లేదు. మబ్బుల్ని కనిపెట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలోనూ ఏ జాడా లేదు. అంతా శుభ్రం.

అయినా చుక్కల వెలుగు తగ్గుతోంది.

ఆకాశానికి పటం గీసే స్లోన్ డిజిటల్ స్కై సర్వే అది. ఖగోళ శాస్త్రవేత్త జిమ్ గన్ బృందం కట్టిన కెమెరాలో వెలుగుని పట్టే 30 సీసీడీ చిప్‌లు, అయిదు రంగుల ఫిల్టర్లు. మామూలు కెమెరాలా అది క్లిక్కుమనేది కాదు. ఆకాశమే దాని మీదుగా పారేది: ఓ చుక్క ఎరుపు ఫిల్టర్ చిప్‌ అంచున అడుగుపెట్టి, 54 సెకన్లలో దాన్ని దాటి, పక్క చిప్‌లోకి జారి, అలా అయిదు రంగుల్లోనూ తన వెలుగు నమోదు చేయించుకుని ఆరు నిమిషాల లోపే అవతలి ఒడ్డున తేలేది. రాత్రికో ఆకాశపు పట్టీ. పట్టీ పక్కన పట్టీ పేర్చారు. చారలు బయటపడ్డాయి. ఒక పట్టీ కాస్త కాంతిగా, పక్కది కాస్త మసకగా.

తేడా రెండు శాతం. అంతే కదా అనిపిస్తుంది. కానీ గెలాక్సీలని లెక్కబెట్టేది వెలుగుని బట్టే. ఒక పట్టీ మసకబారితే వెలుగు హద్దు అంచున ఉన్న గెలాక్సీలు జాబితాలోంచి రాలిపోతాయి. పటంలో ఖాళీ పడుతుంది. ఆ ఖాళీ విశ్వంలో ఉందా, చిప్‌లో ఉందా?

అనుమానితులు చాలామంది. గాలి. చిప్. ఫిల్టర్. చిప్ సంకేతాన్ని పెంచే యాంప్లిఫయర్. పక్కనే అర మీటరు టెలిస్కోపు ఒకటి ప్రామాణిక నక్షత్రాలని చూస్తూ గాలి ఎంత వెలుగు మింగుతోందో చెబుతూనే ఉంది. కానీ దాని ఫిల్టర్లు వేరు. సాక్షి చెప్పేదాంట్లోనే తేడా ఉంది. మరి ఎవర్ని నమ్మాలి?

చుక్కనే, అన్నారు ఖగోళ శాస్త్రవేత్తలు నిఖిల్ పద్మనాభన్, డేవిడ్ ష్లెగెల్, డగ్ ఫింక్‌బైనర్ బృందం. ఒకే నక్షత్రం రెండు రాత్రులు దొరికింది. వెలుగు తేడా వచ్చింది. నక్షత్రం మారలేదు. మారింది మనమే, మన గాలే. ఒక్క చుక్క అబద్ధమాడొచ్చు, లక్షల చుక్కలు కూడబలుక్కోలేవు. ఏ రాత్రి గాలి ఎంత మింగింది, ఏ చిప్ ఎంత తక్కువ చూసింది, ప్రతి చుక్క అసలు వెలుగెంత అన్న తెలియని సంఖ్యలన్నిటినీ ఒకే సమీకరణాల మూటలో కట్టి, మొత్తం తప్పు అతి తక్కువయ్యేదాకా కంప్యూటర్‌తో ఒక్కసారే విప్పించారు. ముడి మాత్రం ఒకచోట బిగుసుకుంది. పట్టీలు ఒకదాన్నొకటి తాకేది సన్నటి అంచుల్లోనే. అంచు నుంచి అంచుకి తప్పు పాకుతూ పోతే?

అందుకే టెలిస్కోపు అడ్డంగా పరిగెత్తింది. ఏడు రెట్ల వేగంతో, పట్టీలన్నిటినీ కోసుకుంటూ. పడుగుకి పేక పడింది. ఆకాశం బిగిసింది.

8,500 చదరపు డిగ్రీల మేర నాలుగు రంగుల్లో తప్పు ఒక శాతానికి దిగింది. అయిదోదైన అతినీలలోహితంలో రెండు శాతానికి. ఆ మిగిలిన కాస్తకీ ప్రధాన దోషి ఎవరో కూడా రాశారు: అపాచీ పాయింట్ గాలి. లెక్కకి దొరక్కుండా మారిపోయే గాలి.

దాన్ని పట్టుకోడానికి 2016 దాకా ఆగాల్సొచ్చింది. హవాయిలోని పాన్‌స్టార్స్ సర్వే కొలతల పక్కన పాత స్లోన్ కొలతలని పెట్టాడు ఫింక్‌బైనర్. ఈసారి సాక్షులు 6 కోట్ల నక్షత్రాలు. పోల్చుతుంటే వింత ఒకటి తగిలింది. వేర్వేరు చిప్‌ల మీద, వేర్వేరు రంగుల్లో, సంబంధమే లేని చుక్కలు ఒకే సమయంలో మసకబారాయి. కాసేపటికి తేరుకున్నాయి. చిప్‌లన్నీ ఒక్కసారే పాడవవు. అంటే ఆ కాసేపు పైన ఏదో అడ్డొచ్చింది. బృందం వాటికి పెట్టిన పేరు కాంట్రెయిల్స్, విమానాలు వదిలే తెల్ల చారలు. వాటిని గుర్తించారు, చిప్‌ల లోపాలు మళ్లీ సరిచేశారు. ఆ నాలుగు రంగుల్లో రెండు సర్వేల మధ్య తేడా ఒక శాతం లోపుకి వచ్చేసింది.