పిడుగు దెబ్బకి మూగబోయిన ఆర్గాన్, 15 లక్షల పౌండ్ల చందా

నేను ఐటీలో ఉన్నప్పుడు మా టీమ్‌కి ఒక పాత సర్వర్ ఉండేది. కొత్తది కొందామని అడిగిన ప్రతిసారీ "నడుస్తోంది కదా, నడవనీ" అనేవాళ్లు. ఒక రాత్రి అది ఆగిపోయింది. మర్నాడు పొద్దున్నే బడ్జెట్ వచ్చేసింది! ఈరోజు కథ బ్రిటన్‌లోని వేల్స్‌ది. అక్కడి రాజధాని కార్డిఫ్‌లో ఉన్న లాండాఫ్ కెథీడ్రల్ గురించి చదువుతుంటే నాకు ఆ సర్వరే గుర్తొచ్చింది.

ముందు పైపు ఆర్గాన్ అంటే ఏంటో చూద్దాం. ఇందులో శబ్దం స్పీకర్ నుంచి రాదు, పైపుల్లోంచి వస్తుంది. పెద్ద ఆర్గాన్‌లో పైపులు వేలల్లో ఉంటాయి. మీట నొక్కితే పైపు కింద వాల్వ్ తెరుచుకుంటుంది, గాలి లోపలికి దూరుతుంది, పిల్లనగ్రోవిలా మోగుతుంది. మీట నుంచి వాల్వ్‌కి కబురు తీసుకెళ్లేది చాలా ఆర్గాన్లలో కరెంటే. పైపులు గొంతు అనుకుంటే, వైర్లు నరాలన్నమాట.

ఇప్పుడు 1941కి వెళ్దాం. జనవరి 2 రాత్రి జర్మన్ విమానాలు కార్డిఫ్ మీద దాడి చేశాయి. లాండాఫ్ కెథీడ్రల్ పక్కనే ఒక పారాచూట్ మైన్ పేలింది, పైకప్పు కూలింది. యుద్ధంలో బ్రిటన్ కెథీడ్రల్స్‌లో కోవెంట్రీ తర్వాత ఎక్కువ దెబ్బతిన్నది ఇదే అంటారు. తర్వాత జార్జ్ పేస్ అనే ఆర్కిటెక్ట్ లోపల ఒక కాంక్రీట్ ఆర్చ్ కట్టి, దాని మీద సిలిండర్ ఆకారంలో ఒక గూడు పెట్టాడు. ముందువైపు జేకబ్ ఎప్‌స్టీన్ చేసిన అల్యూమినియం క్రీస్తు విగ్రహం, లోపల ఆర్గాన్ పైపులు! ఆ ఆర్గాన్ 1958 నాటిది.

దాదాపు 50 ఏళ్లు గడిచాయి. 2007 ఫిబ్రవరిలో కెథీడ్రల్ మీద పిడుగు పడింది. ఆర్గాన్ ఎలక్ట్రికల్ సిస్టమ్ బాగా దెబ్బతింది. అంటే నరాలే పోయాయి.

ఇక రెండే దారులు. అతుకులేసి నెట్టుకురావడం, లేదా పూర్తిగా కొత్తది కట్టించడం. వాళ్లు రెండోది ఎంచుకున్నారు. 15 లక్షల పౌండ్ల కోసం విరాళాలు అడిగారు. అప్పటి రేటులో మన డబ్బుల్లో 12 కోట్ల పైమాటే. పని మొదలైంది ఎప్పుడో తెలుసా? 2008 చివర్లో. ప్రపంచమంతా బ్యాంకులు కుప్పకూలుతున్న టైమ్ అది!

ఇక్కడే నాకు నచ్చిన విషయం ఉంది. మొత్తం పని అయ్యేదాకా ఆర్గాన్‌ని మూసిపెట్టలేదు. నికల్సన్ కంపెనీ చాలా భాగం కట్టేసింది, 2010 ఏప్రిల్ 3న, ఈస్టర్ ముందు రాత్రి ప్రార్థనలో దాన్ని ప్రారంభించారు. సోలో అనే విభాగంలో మిగిలిపోయిన పైపుల వరసలు 2013కల్లా చేరాయి. మా భాషలో చెప్పాలంటే ముందు వెర్షన్ వన్ రిలీజ్, తర్వాత అప్‌డేట్. 1962లో కోవెంట్రీ తర్వాత బ్రిటన్‌లో ఒక కెథీడ్రల్ కోసం పూర్తి కొత్తగా కట్టిన ఆర్గాన్లలో అప్పటికి ఇదే పెద్దది.

పాతబడిన వస్తువుకి డబ్బు అడగడం చాలా కష్టం ఫ్రెండ్స్. పని చేస్తున్నంత కాలం ఎవరికీ కనబడదు. లాండాఫ్‌లో ఆ నిశ్శబ్దం అందరికీ వినపడింది, అందుకే చేతులు కదిలాయి. మా సర్వర్ విషయంలోనూ అంతే. కానీ ఆ రాత్రి పోయిన డేటా మాత్రం మాకు తిరిగి రాలేదు. అందుకే పిడుగు పడకముందే అడుగుదాం, ఎవరైనా అడిగితే విందాం.