మంచుకొండల నీటి కథ



చెరువులో నీరు తగ్గితే మనకెంత దిగులో చెప్పనక్కరలేదు. మరి చినుకే అపురూపమైన చోట సేద్యం ఎలా సాగుతుంది? లడాఖ్ సంగతి వినండి. అక్కడి లేహ్ పట్టణం సుమారు 11,500 అడుగుల ఎత్తున వున్నది. ఏడాదిలో కురిసే వాన, మంచు కలిపినా నాలుగంగుళాలకు అటూ ఇటూ. అయినా తరతరాలుగా అక్కడివారు బార్లీ, గోధుమ, బఠాణీ పండిస్తున్నారు. వారికి ఆధారం హిమానీనదాలు, అంటే పైకొండల్లో ఏళ్ళ తరబడి పేరుకున్న మంచు. అది ఎండకు కరిగి వాగులై దిగుతుంది.

ఆ కొద్ది నీటికి పెద్దలు ఏనాడో కట్టుబాటు చేశారు. రాత్రి పారే నీటిని 'జింగ్' అనే కుంటలో నిలవచేసి పగలు తడి పెడతారు. వంతు తప్పకుండా చూడడానికి 'చుర్‌పోన్' అనే నీటిపెద్దను ఊరే నియమిస్తుంది. మన చెరువుల కింద నీరుగంటి వంటివాడన్నమాట.

చిక్కెక్కడంటే, విత్తేది ఏప్రిల్, మే నెలల్లో. పైమంచు బాగా కరిగేది జూన్ వచ్చాక. ఆలస్యంగా విత్తితే పంట చలికి చిక్కుతుంది. వాతావరణం వేడెక్కి హిమానీనదాలు కుంచించుకుపోతున్నకొద్దీ యీ బాధ ఎక్కువవుతున్నది.

దీనికి ఉపాయం చూపినవారు చెవాంగ్ నోర్ఫెల్ అనే లడాఖీ ఇంజనీరు. చలికాలంలో కుళాయి నీరు ఊరికే పారి చెట్లనీడన గడ్డకట్టడం ఆయన గమనించారు. వృథాగా పోయే శీతకాలపు నీటిని ఇలాగే ఎందుకు నిలపరాదనుకున్నారు. 1987లో ఫుక్త్‌సే గ్రామం ఎగువన మొదటి కృత్రిమ హిమానీనదం ఏర్పడింది. వాగు నీటిని కాలవతో కొండనీడకు మళ్ళించి, వరుసగా రాతికట్టలు వేసి, నడక మందగింపజేశారు. నీరు పొరలు పొరలుగా గడ్డకట్టింది. ఇది ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తున వుంటుంది. అందుచేత ముందే కరిగి విత్తేవేళకు అందుతుంది.

2013లో సోనమ్ వాంగ్చుక్, విద్యార్థులు కలసి మరో పద్ధతి మొదలుపెట్టారు. ఎగువనుంచి గొట్టంలో దిగిన నీరు తన ఒత్తిడికి తానే పైకి చిమ్మి, గడ్డకట్టి, గోపురంలా లేస్తుంది. మోటారు అక్కరలేదు. ఎండ తగిలే భాగం తక్కువ గనుక నెమ్మదిగా కరుగుతుంది.

అయితే వీటితో పోయిన హిమానీనదం తిరిగి రాదు. చలి చాలకపోతే గడ్డకట్టదు. వరదొస్తే కట్టలు తెగుతాయి. ఎగువ ఊరు నీరాపితే దిగువ ఊరికి పేచీ. కనుక రాతికట్ట ఒక్కటే చాలదు, ఊరి కట్టు కూడా నిలవాలి. నీరు దొరికే వేళ వేరు, పైరు అడిగే వేళ వేరు. ఆ రెంటి మధ్య ఎడాన్ని పూడ్చడమే లడాఖ్ రైతుల విద్య. మన కుంటల్లో పూడిక తీసేటప్పుడు మనమూ తలచుకోదగిన మాట యిది.