ఇచ్చిన హారానికి భిన్నాన్ని మార్చడం

భిన్నం విలువ చెడకుండా, కోరిన హారంతో దాన్ని తిరిగి రాయడం. లవాన్నీ హారాన్నీ సున్నా కాని ఒకే సంఖ్యతో గుణించినా, భాగించినా విలువ మారదు; పద్ధతికంతా ఆధారం ఇదే.

18/24ను హారం 8కి తేవాలంటే రెంటినీ 3తో భాగిస్తే 6/8 వస్తుంది. హారం 16 అడిగితే చాలామంది తడబడతారు, 24ను 16 నిశ్శేషంగా భాగించదు కనుక. నిజానికి అది సాధ్యమే. ముందుగా గ.సా.భా. 6తో భాగించి 3/4 చేసి, ఆపై 4తో గుణిస్తే 12/16. హారం 10 అయితే మాత్రం కుదరదు: 10 అనేది 4కు గుణిజం కాదు, లవం 7.5 అవుతుంది. కనుక చూడవలసింది మొదటి హారాన్ని కాదు, కనిష్ఠ రూపంలోని హారాన్ని.

శాతాలంటే హారం 100గా మార్చడమే: 3/4 అంటే 75/100. 1/3కు పూర్ణసంఖ్య శాతం లేదు.

కూడికలో హారాలను సమం చేయడానికి క.సా.గు. వాడటాన్ని 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో వివరించాడు. పావులూరి మల్లన తెలుగు చేసింది ఈ గ్రంథాన్నే.