సముద్రంలోంచి లేచిన ట్యాంకు



ఒక వేసవి సెలవుల్లో మేము పిల్లల్ని తీసుకుని ఇంగ్లండు నైరుతి మూలన ఉన్న డెవన్ ప్రాంతానికి వెళ్ళాం. అక్కడ టోర్‌క్రాస్ అని ఒక చిన్న పల్లె ఉంది. ఒక పక్క గులకరాళ్ళ సముద్రతీరం, ఇంకో పక్క మంచినీటి చెరువు, మధ్యలో సన్నటి రోడ్డు. పులిహోర డబ్బా తీసుకుని కారు దిగేసరికి పార్కింగులో నల్లగా, గంభీరంగా ఒక ట్యాంకు కనిపించింది. మా చిన్నవాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి వచ్చి, "నాన్నా, దీన్ని బాగుచేసి నడపొచ్చు కదా, ఎందుకిలా వదిలేశారు?" అని అడిగాడు. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక చదివి తెలుసుకున్నదే ఈ రోజు మీతో చెప్పుకుంటున్నాను.

ఈ దేశంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి బళ్ళను వెతికి పట్టుకుని బాగుచేసుకోవడం చాలామందికి పెద్ద వ్యసనం. పొలాల్లో, పాత ఇనుప కొట్లలో, చిత్తడి నేలల్లో పడి ఉన్న జీపులనూ లారీలనూ ఇంటికి తెచ్చుకుంటారు. బిగుసుకుపోయిన ఇంజన్లో నూనె పోసి వారాల తరబడి నాననిస్తారు. తుప్పు గీకి, కుళ్ళిన రేకు కోసి, కొత్త రేకు అతికిస్తారు. వాళ్ళ పట్టుదల ఎంతటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను. యుద్ధకాలంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. అయితే ఫోర్డ్ వాళ్ళు తమ బోల్టుల తలల మీద కూడా 'ఎఫ్' అక్షరం గుద్దారు. ఫోర్డ్ జీపు బాగుచేసేవాళ్ళు ఆ అక్షరం ఉన్న బోల్టుల కోసం ఏళ్ళ తరబడి వెతుకుతారు!

మనకీ ఆ జీపు కొత్తది కాదు. యుద్ధం అయ్యాక మిగిలిపోయిన సైనిక వాహనాలను మన దేశంలోనూ అమ్మేశారు. పెద్దవాళ్ళు 'డిస్పోజల్ జీపు' అనేవారు, గుర్తుందా? 1947లో మహీంద్రా వారు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టిందీ ఆ విల్లీస్ జీపులనే. మన ఊళ్ళలో ఎన్నికల ప్రచారానికి తిరిగిన జీపులన్నీ ఆ వంశానివే.

ఇక టోర్‌క్రాస్ ట్యాంకు సంగతికి వద్దాం.

1943 చివర్లో ఈ చుట్టుపక్కల పల్లెల నుంచి సుమారు మూడు వేలమందిని కొద్ది వారాల గడువులో ఇళ్ళు ఖాళీ చేయించారు. పశువులతో, సామానుతో అందరూ వెళ్ళిపోవలసి వచ్చింది. కారణం ఈ తీరమే. ముందు గులకరాళ్ళు, వెనక మంచినీటి చెరువు ఉన్న ఈ స్లాప్టన్ తీరం, అమెరికన్ సైన్యం దిగవలసిన ఫ్రాన్సులోని యూటా తీరాన్ని బాగా పోలి ఉంది. అందుకని అసలు దాడికి ముందు ఇక్కడ రిహార్సల్స్ వేశారు.

1944 ఏప్రిల్ చివర్లో 'ఎక్సర్‌సైజ్ టైగర్' పేరుతో పెద్ద రిహార్సల్ జరిగింది. ఏప్రిల్ 28 తెల్లవారుజామున, సైనికులనూ వాహనాలనూ మోసుకొస్తున్న ఎనిమిది పెద్ద ఓడల వరస మీద జర్మన్ టార్పెడో బోట్లు విరుచుకుపడ్డాయి. కాపలాగా రావలసిన రెండు యుద్ధనౌకల్లో ఒకటి అంతకుముందే ఢీకొని దెబ్బతిని రేవులో ఆగిపోయింది. కాగితం మీద రేడియో ఫ్రీక్వెన్సీ తప్పు పడటంతో హెచ్చరికలు అందలేదు. రెండు ఓడలు మునిగిపోయాయి, మూడోది దెబ్బతిని ఎలాగో రేవు చేరింది. లైఫ్‌బెల్టు చంకల కింద కట్టుకోవాలని చాలామంది కుర్రాళ్ళకు ఎవరూ సరిగ్గా నేర్పలేదు. నడుముకు కట్టుకుని బరువైన మూటలతో నీళ్ళలోకి దూకేసరికి తలకిందులై చనిపోయారు. మృతుల సంఖ్య 749 అని సాధారణంగా చెబుతారు. దాదాపు ఆరు వారాల తర్వాత, జూన్ 6న, ఈ రిహార్సల్ దేనికోసమో ఆ యూటా తీరంలో దిగినప్పుడు అంతమంది చనిపోలేదు.

దాడి రహస్యం బయటపడకూడదని, బతికినవాళ్ళు నోరు విప్పకూడదని గట్టిగా ఆజ్ఞాపించారు. 1944లోనే తర్వాత వార్త బయటికి వచ్చినా, నార్మండీ విజయం హోరులో అది ఎవరి చెవికీ ఎక్కలేదు. 1954లో అమెరికన్ సైన్యం ఇదే తీరంలో ఒక రాతి స్తంభం నిలబెట్టింది. అది ఇళ్ళు వదిలి వెళ్ళిన పల్లె ప్రజలకు కృతజ్ఞత చెప్పే స్తంభం. చనిపోయిన ఆ కుర్రాళ్ళకు మాత్రం అక్కడ గుర్తేమీ లేదు.

1960ల చివర్లో కెన్ స్మాల్ అనే ఆయన టోర్‌క్రాస్ వచ్చి గెస్ట్ హౌస్ పెట్టుకున్నాడు. వృత్తిరీత్యా హెయిర్‌డ్రెస్సర్. సైనికుడూ కాదు, చరిత్రకారుడూ కాదు. మానసికంగా బాగా కుంగిపోయి ఉన్న రోజుల్లో తీరం వెంట నడవడం అలవాటు చేసుకున్నాడు. తుఫాను వచ్చి వెళ్ళినప్పుడల్లా గులకరాళ్ళ మధ్య తూటాలు, గుండీలు దొరికేవి. ఇవన్నీ ఇక్కడికి ఎలా వచ్చాయి అని ఊళ్ళో అందర్నీ అడగడం మొదలుపెట్టాడు. తీరానికి ముప్పావు మైలు దూరంలో, అరవై అడుగుల లోతులో జాలర్ల వలలకు తగులుకునే వస్తువు ఒకటి ఉందని తెలిసింది. గజఈతగాళ్ళు దిగి చూస్తే అది షెర్మన్ ట్యాంకు!

అది మామూలు షెర్మన్ కాదు, ఈదే ట్యాంకు. చుట్టూ కాన్వాసు గోడ లేపి, వెనక రెండు ప్రొపెల్లర్లు తిప్పుతూ ముప్పై టన్నుల ఇనుము నీటి మీద తేలేది. ఎంత ప్రమాదమో చెప్పాలంటే, జూన్ 6న ఒమాహా తీరం దగ్గర ఒక పటాలం నీళ్ళలోకి దింపిన 29 ట్యాంకుల్లో 27 మునిగిపోయాయి.

ఇతరుల సొత్తు సముద్రంలోంచి తీసేసి నాదంటే కుదరదు. కెన్ స్మాల్ ఏళ్ళ తరబడి అమెరికా ప్రభుత్వానికి ఉత్తరాలు రాశాడు. చివరికి 1974లో యాభై డాలర్లకు ఆ ట్యాంకు కొనుక్కున్నాడు. కొనడం ఒక ఎత్తు, తీయడం ఇంకో ఎత్తు. డబ్బు కావాలి, పనిముట్లు కావాలి, మనుషులు కావాలి. మరో పదేళ్ళు పట్టింది. 1984 మే నెలలో, నలభై ఏళ్ళు నీళ్ళలో ఉన్న ట్యాంకు ఒడ్డెక్కింది.

ఇక్కడ ఒక సంగతి నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ ట్యాంకు ఏప్రిల్ 28న మునిగిన ఓడల్లోది కాదు. ఆ దాడి జరిగిన చోటు ఇక్కడికి చాలా దూరం. ఇది తీరం దగ్గర శిక్షణలో మునిగినది. అయినా ఆ 749 మందికి నిలబడటానికి చోటు ఇచ్చింది ఇదే. 1987లో దీని పక్కన అమెరికా తరఫున స్మారక ఫలకం పెట్టారు. అప్పటిదాకా తమ కొడుకు, తమ అన్న ఎక్కడ ఎలా పోయాడో సరిగా తెలియని కుటుంబాలు పూలు పెట్టడానికి ఒక చోటు దొరికింది. కెన్ స్మాల్ 2004లో కన్నుమూశాడు.

మరి మా వాడి ప్రశ్న? ఉప్పునీటిలో నానిన ఇనుములోకి ఉప్పు లోలోపలికి దిగిపోతుంది. గాలి తగిలాక తుప్పు ఇంకా వేగంగా పొరలు పొరలుగా లేస్తుంది. ఆ నల్ల పూత దాన్ని ఆపడానికే. విశాఖ సముద్రపు గాలిలో మన కురుసుర జలాంతర్గామికి ఎంత సంరక్షణ కావాలో తెలిసినవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఈ ట్యాంకును నడపాలంటే లోపలి భాగాలన్నీ మార్చాలి. బోవింగ్టన్ మ్యూజియంలో 1943లో ట్యునీషియాలో పట్టుబడ్డ జర్మన్ టైగర్ ట్యాంకును అలాగే నడిపించారు. పని 1990లో మొదలైంది, వేరే ట్యాంకు ఇంజను తెచ్చి బిగించారు. అది కదులుతుంటే నేల అదురుతుంది. ఆ యంత్రం ఎలా పనిచేసిందో తెలియాలంటే అలా నడపాల్సిందే, ఆ పనిని నేను తక్కువ చేయను.

కానీ టోర్‌క్రాస్ ట్యాంకు పని వేరు. అది పరుగెత్తితే మనం చప్పట్లు కొడతాం. కదలకుండా నిలబడితే, ఎందుకిలా ఉందని ఒక పిల్లవాడు అడుగుతాడు. అడిగిన ప్రతిసారీ ఆ కుర్రాళ్ళ కథ ఎవరో ఒకరు చెప్పాల్సి వస్తుంది.

మా వాడికి ఇదంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే మనం దాని పక్కన కూర్చుని పులిహోర తిన్నాం, తప్పా నాన్నా?" అన్నాడు. "తప్పేం లేదు నాన్నా, వాళ్ళూ ఆకలేసే వయసు పిల్లలే" అన్నాను.

మీరు అటువైపు వెళితే కారు ఆపి పిల్లలకు ఆ ట్యాంకు చూపించండి.