అంచూ అతుకూ – ఒక పటం కథ

కిందటి మాఘమాసంలో మా చెల్లెలు కొత్త ఇంట గృహప్రవేశం చేసుకున్నది. ముహూర్తానికి నెల ముందు నాకు ఫోను చేసి, "అన్నయ్యా, హాలులో పెట్టుకోవడానికి నాకొక పటం కావాలి. నాన్న నన్ను ఎత్తుకున్నట్టు ఉండాలి. ఇప్పుడు కంప్యూటరులో అన్నీ చేసేస్తున్నారు గదా!" అని అడిగింది. నాకు వెంటనే మాట పెగలలేదు. మా తండ్రిగారు 1963లో కాలం చేశారు. అప్పటికి చెల్లెలు ఇంకా తల్లి కడుపులోనే ఉన్నది. ఆమెను ఎత్తుకోవడం అటుంచి, ఆమె ముఖమైనా ఆయన ఎరుగరు.

ఇంజనీరింగు చదువుతున్న మా మనుమడు ఆ కోరికను పది నిమిషాలలో తీర్చాడు. తండ్రిగారు స్టూడియోలో కుర్చీ ప్రక్కన నిలబడి తీయించుకున్న ఛాయాచిత్రం ఒకటి, ఏడాది పిల్లగా చెల్లెలు అమ్మమ్మ చంకలో ఉన్న ఛాయాచిత్రం మరొకటి తీసుకున్నాడు. పాపను అక్కడినుండి తప్పించి ఇక్కడ చేర్చాడు. ఎక్కడా అతుకు కనబడలేదు. చూచిన క్షణంలో నా కన్ను చెమర్చిన మాట నిజం. మరుక్షణంలో మరొకటి తోచింది. ఈ బొమ్మలో అమ్మమ్మ లేదు. తండ్రి లేని ఆ పిల్లను పదేళ్ళు చంక దింపకుండా పెంచినది ఆమె. లేని చేతులను తెచ్చి పెట్టడానికి, ఉన్న చేతులను తుడిచివేశాము.

అనేక చిత్రాలను ఒక్కటిగా కూర్చే ఈ విద్య ఎప్పటిది, దాని ధర్మమేమిటి అన్న ఆలోచన నాకు ఆనాటినుండి పట్టుకున్నది. ఈ వ్యాసం దాని ఫలితమే.

మన భాషలో 'పటం' అనే మాటను గమనించండి. సంస్కృతంలో పటమంటే వస్త్రం. వస్త్రంమీద బొమ్మలు వ్రాసి ఊరూరా చూపించే ఆచారం ప్రాచీనమైనది. విశాఖదత్తుని ముద్రారాక్షసంలో చాణక్యుని గూఢచారి యమపటం చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. ఆ మాటే కాలక్రమాన గోడకు తగిలించే బొమ్మకు పేరయి, అద్దంతో చట్రం బిగించడం 'పటం కట్టడం' అయింది. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు వ్రాసే పొడవైన పటాలు కథకులు పాడుతూ విప్పి చూపించేవి. ఎర్రని నేలమీద కథ అడ్డవరుసలుగా విభజింపబడి ఉంటుంది. ఒక ఘట్టానికీ మరొక ఘట్టానికీ నడుమ అంచు ఉంటుంది. శ్రీకాళహస్తి కలంకారీ వస్త్రాలలో నడుమ ప్రధానచిత్రం, చుట్టూ గడులలో కథాఘట్టాలు, వాటి వెంట తెలుగు వ్రాతలు ఉండటం పరిపాటి. అంచు అక్కడ కేవలం అలంకారం కాదు. 'ఇక్కడితో ఒక సమయం ముగిసింది, ఇక మరొకటి' అని చూపరికి చెప్పే విరామచిహ్నం అది.

అంచు లేకుండా చెప్పే పద్ధతీ మనకు లేకపోలేదు. చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలలో నాలాగిరి ఏనుగు కథను చెక్కిన వర్తులఫలకం ఒకటున్నది. మదించి జనాన్ని తొక్కుతున్న ఏనుగు, బుద్ధుని ఎదుట మోకరిల్లిన ఏనుగు ఒకే వలయంలో కనిపిస్తాయి. రెండు ఏనుగులున్నాయని ఎవరూ భ్రమపడరు. ఒకే ఏనుగు రెండుమార్లు కనబడటమే అక్కడ అంచు చేయవలసిన పని చేస్తున్నది. శిల్పి చూపరిని మోసగించడం లేదు.

ఛాయాచిత్రం వచ్చిన తరువాత పరిస్థితి మారింది. బొమ్మను మనిషి వ్రాస్తాడు, ఛాయాచిత్రాన్ని వెలుగే వ్రాస్తుందని లోకం నమ్మింది. ఆ నమ్మకం ఏర్పడిన కొద్దికాలానికే అతుకులు కూడ మొదలైనాయి. మొదట వాటికి కారణం మోసం కాదు, అవసరం. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన తడి కొలోడియన్ గాజుపలకకు నీలికాంతి మీద మక్కువ ఎక్కువ. నేల సరిగా పడేంతసేపు తెరచి ఉంచితే ఆకాశం తెల్లబోయి మేఘాలు మాయమయ్యేవి. ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే 1857 ప్రాంతంలో తన సముద్రచిత్రాలు కొన్నిటికి సముద్రాన్ని ఒక పలకమీద, ఆకాశాన్ని మరొక పలకమీద తీసి, దిగంతరేఖ వద్ద రెండింటినీ కలిపి అచ్చువేశాడు.

అదే సంవత్సరం ఇంగ్లండులో స్థిరపడిన స్వీడన్ దేశీయుడు ఆస్కార్ రేలాండర్ 'జీవితంలో రెండు దారులు' అనే పెద్ద చిత్రాన్ని ప్రదర్శించాడు. ఒక వృద్ధుడు ఇద్దరు యువకులను లోకంలోనికి తీసుకొని వస్తాడు. ఒకడు భోగాల వైపు, మరొకడు శ్రమ, భక్తి, సేవల వైపు మరలుతాడు. ఈ మహాసభను రేలాండర్ ఒక్కసారి తీయలేదు. ముప్పైకి పైగా పలకలమీద విడివిడిగా మనుషులను తీసి, కాగితంలో కావలసినంత చోటు మాత్రం తెరచి, తక్కినది మూసి, ఒక్కొక్క పలకనే వరుసగా అచ్చు వేశాడు. ఈ పనికి ఆరు వారాలు పట్టింది. విక్టోరియా రాణి దాని ప్రతిని కొన్నది. అందులోని నగ్నరూపాలమీద దుమారమూ చెలరేగింది. ఇక్కడ గమనించవలసినది ఇంకొకటి. 1858లో రేలాండర్ లండను ఛాయాచిత్రకారుల సంఘం ఎదుట తన పద్ధతినంతా విడమరచి చెప్పాడు. అతుకు కంటికి కనబడకపోయినా నోటితో ఒప్పుకున్నాడు.

1858లోనే హెన్రీ పీచ్ రాబిన్సన్ ఐదు పలకలు కలిపి, క్షయతో కృశించి మరణశయ్యమీద ఉన్న ఒక బాలికను, చుట్టూ ఉన్న ఆత్మీయులను చిత్రించాడు. ఆ పిల్ల నిజానికి ఆరోగ్యంగానే ఉన్నది. చిత్రకారుడు కుంచెతో ఇంతకు మించిన దుఃఖాన్ని చూపించినా లోకం సహిస్తుంది. ఛాయాచిత్రంలో చూపేసరికి, ఒక కుటుంబపు అంతరంగ వేదనలోనికి తొంగిచూచినట్లు చాలమంది నొచ్చుకున్నారు. ఆ బాధకు మూలం నమ్మకమే.

ఇక ఛాయాచిత్రాన్ని అంచులతో కూర్చినవారి సంగతి. పారిస్‌లో దిస్దేరి 1854లో ఒకే గాజుపలకమీద అనేక చిత్రాలు తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. ఖర్చు తగ్గించడమే అతని ఉద్దేశం. అచ్చయిన కాగితాన్ని కత్తిరించి చిన్న అట్టలకు అతికించి అమ్మేవారు. కత్తిరించకుండా మిగిలిన కాగితాలను నేడు చూస్తే ఒకే మనిషి పలు భంగిమలలో, గడులు గడులుగా కనిపిస్తాడు. ఒక్క చిత్రం చెప్పలేని స్వభావాన్ని ఎనిమిది గడులు చెబుతున్నాయి.

ఈ పద్ధతి బలాన్ని లోకానికి నిరూపించినవాడు ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్. 1878 జూన్‌లో కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, లీలండ్ స్టాన్‌ఫర్డ్ గుర్రపుశాలలో అతడు 12 కెమెరాలను వరుసగా నిలిపాడు. పరుగుబాటకు అడ్డంగా కట్టిన దారాలు గుర్రం తాకగానే ఒక్కొక్క కెమెరా తెరచుకున్నది. ఆ చిత్రాలను వరుస సంఖ్యలతో, గడులుగా, ఒకే అట్టమీద ప్రకటించాడు. పరుగులో నాలుగు గిట్టలూ ఒక్కసారిగా నేలను వీడతాయనీ, అది కాళ్ళు చాచినప్పుడు కాక పొట్టక్రింద ముడుచుకున్నప్పుడనీ తేలింది. కాళ్ళు ముందుకూ వెనుకకూ చాచి గుర్రాన్ని ఎగిరించిన చిత్రకారులందరూ పొరపడినట్లు రుజువయింది. ఆ పన్నెండింటినీ అతుకు లేకుండా కలిపి ఒక సుందరమైన గుర్రాన్ని తయారుచేసి ఉంటే అది ఏమి నిరూపించేది? గడికీ గడికీ నడుమనున్న గీతయే అక్కడ సాక్ష్యం.

ఒకప్పుడు ఆరు వారాలు పట్టిన పని కంప్యూటరు వచ్చాక క్షణాలమీదికి వచ్చింది. 1987లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న థామస్ నోల్ మొదలుపెట్టి, సోదరుడు జాన్‌తో కలిసి పెంచిన ప్రోగ్రామును 1990లో ఎడోబీ సంస్థ ఫోటోషాప్ పేరుతో విడుదల చేసింది. 1994లో వచ్చిన మూడవ రూపంలో 'లేయర్లు' చేరాయి. ఒక చిత్రంమీద మరొకటి పారదర్శకమైన పొరలా నిలిచి, దేనికదే కదపడానికి వీలైంది. రేలాండర్ గాజుపలకలు తెరమీద మళ్ళీ పుట్టాయన్నమాట. జింప్ వంటి ఉచిత ప్రోగ్రాములు 1996 నుండి ఆ శక్తిని అందరికీ పంచాయి.

శక్తితోబాటు ప్రమాదమూ పెరిగింది. 2003లో ఇరాకు యుద్ధకాలంలో లాస్ ఏంజెలెస్ టైమ్స్ ఫోటోగ్రాఫరు ఒకరు బస్రా సమీపంలో కొద్ది క్షణాల తేడాతో తీసిన రెండు చిత్రాలను కలిపి ఒకటిగా పంపారు. రెండూ నిజమైన చిత్రాలే, కలిపిన దృశ్యం మాత్రం ఎన్నడూ జరగలేదు. వెనుకనున్న జనంలో కొందరు రెండుసార్లు కనబడటంతో గుట్టు బయటపడి ఆయన ఉద్యోగం పోయింది. అమరావతి ఏనుగు రెండుసార్లు కనబడితే అది కథనం. వార్తాచిత్రంలో మనిషి రెండుసార్లు కనబడితే అది అబద్ధం. చూపరితో మనం చేసుకున్న ఒడంబడిక మారిందంతే.

ఇన్ని సంగతులు తలపోసి, చెల్లెలికోసం నేనే కూర్చుని జింప్‌లో ఒక పటం కట్టాను. 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు కాగితం. అంగుళానికి 300 చుక్కల చొప్పున వెడల్పున 5400 చుక్కలు. రెండు ప్రక్కలా అర అంగుళం అంచు, గడుల నడుమ పావు అంగుళం తెల్లని ఖాళీ వదిలితే, వరుసకు మూడేసి గడులకు ఒక్కొక్కదానికి 1650 చుక్కలు వచ్చాయి. మా అమ్మది పాస్‌పోర్టు సైజు ఫోటో ఒక్కటే మిగిలింది. 35 మిల్లీమీటర్ల ఆ చిన్నబొమ్మను అంగుళానికి 1200 చుక్కలతో స్కాను చేస్తే సరిగ్గా ఆ గడికి సరిపోయింది. ఒక్కొక్కటి ఒక్కొక్క పసుపు తిరిగి ఉన్నందున అన్నిటినీ నలుపు తెలుపులలోనికి మార్చాను. తండ్రిగారి ఫోటోమీది మడత గీతను మాత్రం చెరపలేదు. ఆ మడతలో అరవై ఏళ్ళున్నాయి.

పై వరుసలో తండ్రిగారు, అమ్మ, అమ్మమ్మ చంకలో చెల్లెలు. క్రింది వరుసలో మా ఊరి పెంకుటిల్లు, తండ్రిగారి దస్తూరీ ఉన్న ఒక కార్డు, చెల్లెలి పెండ్లినాటి చిత్రం. అడుగు అంచు కొంచెం ఎక్కువ వదిలి, కలంకారీ పద్ధతిలో ఎవరెవరో, ఏ సంవత్సరమో తెలుగులో వ్రాశాను.

గృహప్రవేశం నాడు మనుమడు చేసిన బొమ్మనూ, నా పటాన్నీ రెండింటినీ చెల్లెలి చేతిలో పెట్టాను. ముందు మనుమడి బొమ్మనే తీసుకుని చాలసేపు మాటలేకుండా చూచింది. తరువాత తల యెత్తి, "అమ్మమ్మ ఏదన్నయ్యా?" అన్నది. నేను పటం చూపించాను. మూడవ గడిమీద వేలు పెట్టి, అక్కడినుండి మొదటి గడిదాకా మెల్లగా జరిపింది. నడుమ రెండు తెల్లని ఖాళీలు దాటింది.

హాలులో ఇప్పుడు పటం ఉన్నది. రెండవ బొమ్మను పారవేయమని నేను చెప్పలేదు, ఆమె పారవేయలేదు, బీరువాలో చీరల నడుమ దాచుకున్నది. దాని వెనుక మాత్రం నేను పెన్సిలుతో, 'ఇది రెండు ఛాయాచిత్రాలను కలిపి చేసినది. తండ్రి 1963లో, ఈ బిడ్డ పుట్టకముందే పోయారు. బిడ్డను ఎత్తుకున్నది అమ్మమ్మ' అని వ్రాసి తేదీ వేశాను. ఎప్పుడో మా మునిమనుమలు ఆ బీరువా తెరచినప్పుడు దుఃఖమూ నిజమూ రెండూ వారికి దక్కాలి గదా!

పాఠకమిత్రులకు నా మనవి ఒక్కటే. మీ ఇంట పాత చిత్రాలుంటే తప్పక కూర్చండి, పటం కట్టండి. అంచు ఉంచండి. అతకక తప్పనప్పుడు వెనుక నాలుగు మాటలు వ్రాయండి.