నాటక పితామహుడూ, చిందోళ్ల ఆటా

తెలుగు నాటక చరిత్ర పుస్తకాల్లో 'ఆంధ్ర నాటక పితామహుడు' ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). బళ్లారిలో వకీలు. సరస వినోదిని సభ పెట్టాడు, నాటకాలు రాశాడు, తానే వేషం కట్టాడు. 'చిత్రనళీయం'తో పేరొచ్చింది. కథ మంగళంతోనే ముగియాలన్న సంస్కృత నియమాన్ని కాదని 'విషాద సారంగధర' రాశాడు. ఈ కృషిని మేం తక్కువ చేయడం లేదు. మా పేచీ ఆ బిరుదుతోనే.

పితామహుడంటే అంతకుముందు ఎవరూ లేరనే కదా. మరి వేములవాడ చుట్టూ, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల ఊళ్లల్ల తెల్లార్లు ఆడిన చిందు భాగవతం ఏమైనట్టు? చిందోళ్లు మాదిగలను ఆశ్రయించి బతికిన కులం. ఏ ఊళ్లు ఏ మేళానివో హక్కులుండేవి. వాళ్ల జాంబపురాణం ఉత్త వినోదం కాదు. జాంబవుడు బ్రాహ్మణుడితో వాదానికి దిగి, కులం పుట్టుక మీద ప్రశ్నలు గుప్పించే ఆట అది. అంటరానితనం మీద వాదాన్ని ఊరి నడుమ ఆటగా నిలబెట్టింది వీళ్లే.

ఆడవాళ్ల సంగతి చూద్దాం. ధర్మవరం కాలపు సభల్లో ఆడవేషం మగవాళ్లే కట్టేవారు. ఆయన మేనల్లుడు బళ్లారి రాఘవ (1880-1946) స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబడితే చరిత్ర దాన్ని సంస్కరణ అంది. చిందు మేళంలో ఆడవాళ్లు తరతరాలుగా ఆడుతూనే ఉన్నారు. దానికి మాత్రం ఏ పేరూ పెట్టలేదు. వాళ్లలో కొందరిని జోగినులను చేసిన వ్యవస్థను మేం మరిచిపోవడం లేదు. కళనూ వాడుకున్నారు, మనిషినీ వాడుకున్నారు.

తేడా ప్రతిభలో లేదు. వకీలు నాటకం అచ్చయింది, పత్రికలకెక్కింది, పాఠ్యపుస్తకాలకూ చేరింది. చిందోళ్ల ఆట నోటి మీదనే ఉండిపోయింది. 10వ శతాబ్దిలో వేములవాడ చాళుక్య రాజు అరికేసరి కొలువులో కన్నడ కావ్యం రాసిన పంపకవి పేరు నిలిచిందీ ఇట్లనే: వెనక కొలువుంది, రాత ఉంది.

నిజామాబాద్ జిల్లా అమ్దాపూర్ చిందు ఎల్లమ్మకు 1999లో ప్రభుత్వం హంస పురస్కారం ఇచ్చింది. 2005లో ఆమె పోయింది. గుర్తింపు ఒక్క మనిషికి దక్కింది గానీ, మేళానికి నాటక చరిత్రలో అధ్యాయం దక్కలేదు.

కనుక విద్యార్థులకు, టీచర్లకు మా మనవి: మీ ఊరికి వచ్చే మేళం ఏది, ఆట నేర్పిన పెద్దలెవరు, ఏ ఏ కథలు ఆడేవాళ్లు? ముసలోళ్లు బతికుండంగనే అడిగి రాసిపెట్టండి. ఆ పేర్లు చేరినంక పితామహుడు ఎవరన్నది మళ్లీ మాట్లాడుకుందాం.