అత్తరు: సీసాలో ఒకటి, ఒంటిమీద ఒకటి

చరిత్ర పాఠాల్లో మనం సాధారణంగా మిగిలి ఉన్న వాటి గురించి మాట్లాడుకుంటాం. కోటలు మిగిలాయి, నాణేలు మిగిలాయి, శాసనాలు మిగిలాయి. ఈ పాఠంలో మిగలనిదాన్ని గురించి మాట్లాడుకుందాం. అది వాసన. ఒక రాజు ధరించిన నగను ప్రదర్శనశాలలో చూడగలం. ఆయన పూసుకున్న గంధం మాత్రం ఆ సాయంత్రమే గాలిలో కలిసిపోయింది. మరి దానికి చరిత్ర రాయడం సాధ్యమేనా? సాధ్యమే. కాని అందుకు గ్రంథాలతోపాటు మరొక ఆధారాన్ని కూడా చదవాలి. అది మన చర్మం.

మే నెలాఖరులో మీరు ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్ వెళ్ళారనుకోండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అంటారు. అక్కడివారు ఆ తొమ్మిది రోజుల ఎండను నౌతపా అంటారు. 1931లో రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయ్యాక ఈ రెండు ప్రాంతాల మధ్య రాకపోకలు సులువయ్యాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండు మాటలూ తెలిసినవే. ఆ రోజుల్లో కూలర్లకు కట్టిన వట్టివేళ్ళ తడికల మీద నీళ్ళు పడగానే ఇల్లంతా తడిమట్టిలాంటి చల్లని వాసన వస్తుంది. ఆ వేళ్ళ నుంచి తీసిన అత్తరే ఖస్. అత్తరు దుకాణాల్లో ఎండాకాలం ఖస్, గులాబి, మొగలి అడిగేవారు ఎక్కువ. చలికాలం వచ్చేసరికి హీనా, షమామా వంటి ఘాటైన అత్తర్ల వైపు మొగ్గుతారు. కాలం మారితే అత్తరు ఎందుకు మారాలి? మన పాఠం ఈ చిన్న ప్రశ్నతో మొదలవుతుంది.

ఒక చుక్కలో ఎన్ని వాసనలు?

షమామాను ఉదాహరణగా తీసుకుందాం. ఇది ఒక పువ్వు నుంచి తీసిన అత్తరు కాదు. లవంగాలు, ఏలకులు, జాజికాయ, జాపత్రి, జటామాంసి, రాతిపువ్వు, కుంకుమపువ్వు వంటి ఎన్నో ద్రవ్యాల సారం ఇందులో కలుస్తుంది. ఏవి ఎంత పాళ్ళలో వేయాలన్నది ఒక్కొక్క కుటుంబం తరతరాలుగా గుట్టుగా కాపాడుకునే విషయం. తయారీకి రోజులు, కొన్నిసార్లు వారాలు పడుతుంది.

ఇప్పుడు ముగ్గురు మిత్రులు ఒకే సీసా నుంచి ఒక్కొక్క చుక్క మణికట్టుకు రాసుకున్నారనుకోండి. మొదటి అయిదు నిమిషాల్లో ముగ్గురి దగ్గరా ఇంచుమించు ఒకే మసాలా ఘాటు వస్తుంది. గంట గడిచాక తేడాలు మొదలవుతాయి. ఎండలో నడిచి వచ్చిన వాని చేతిమీద ఘాటు అప్పుడే తగ్గిపోయి కట్టెవాసన పైకి వస్తుంది. జిడ్డు చర్మం ఉన్నవాని చేతిమీద మొదటి వాసనే ఇంకా నిలిచి ఉంటుంది. పొడి చర్మం ఉన్నవాని చేతిమీద అంతా పలచబడినట్టు ఉంటుంది. సాయంత్రానికి ఇవి మూడూ ఒకే సీసాలోవంటే నమ్మడం కష్టం.

ఒంటిమీద జరిగేది ఏమిటి?

దీనికి కారణం మాయ కాదు, మూడు మామూలు విషయాలు.

మొదటిది వేడి. అత్తరులోని ద్రవ్యాలన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. తేలికైన అణువులు త్వరగా లేచిపోతాయి. బరువైనవి చర్మాన్ని అంటిపెట్టుకుని మెల్లగా కదులుతాయి. కర్పూరం వంటిది నిమిషాల్లో తన పని ముగిస్తుంది. చందనం, వట్టివేళ్ళ సారం గంటల తరబడి ఉంటాయి. ఒంటి వేడి పెరిగితే ఈ వరుస అంతా వేగం పుంజుకుంటుంది. మణికట్టు, మెడ, చెవి వెనుక భాగం వంటి వెచ్చని చోట్ల అత్తరు రాయడం వెనుక ఉన్న తెలివి ఇదే.

రెండవది చర్మం మీది నూనె, తేమ. నూనె నూనెను పట్టుకుంటుంది. జిడ్డు చర్మం అత్తరును నిలిపి మెల్లగా విడుస్తుంది. పొడి చర్మం మీద అది త్వరగా పలచబడుతుంది. దీనికి ఆ మనిషి సహజమైన ఒంటి వాసన, చెమట, చర్మం మీది సూక్ష్మజీవుల వల్ల పుట్టే వాసనలు తోడవుతాయి. అంటే మనం పీల్చేది అత్తరును మాత్రమే కాదు, అత్తరూ మనిషీ కలిసిన వాసనను.

మూడవది వాసన చూసే ముక్కు. మన ముక్కులో వాసనలను గుర్తించే గ్రాహకాలు సుమారు 400 రకాలు ఉన్నాయి. వీటికి సంబంధించిన జన్యువులను 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమతి లభించింది. ఈ గ్రాహకాలు అందరిలోనూ ఒకేలా ఉండవు. కొన్ని రకాల కస్తూరి వాసనలు కొందరికి అసలు తెలియవు. పైగా, ఎడతెగకుండా వచ్చే వాసనను ముక్కు కొద్దిసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. అందుకే "నాది అప్పుడే పోయింది" అని రాసుకున్నవాడు అంటుంటే, పక్కవాడు "ఇంకా గుప్పున కొడుతోంది" అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

పాతవారి లెక్కలో మనిషి ఉన్నాడా?

ఇప్పుడు గ్రంథాల దగ్గరికి వద్దాం. క్రీ.శ. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో గంధయుక్తికి, అంటే పరిమళ ద్రవ్యాల కూర్పుకు, ఒక అధ్యాయం కేటాయించాడు. అందులో వట్టివేరు, అగరు, కర్పూరం, చందనం మొదలైన 16 ద్రవ్యాలను తీసుకుని ఒక లెక్క వేశాడు. 16 ద్రవ్యాల నుంచి నాలుగేసి చొప్పున ఎంచుకుంటే 1,820 సమూహాలు వస్తాయి. పాళ్ళు మార్చుతూ ఒక్కొక్క సమూహాన్ని 96 విధాలుగా కూర్చవచ్చునన్నాడు. మొత్తం 1,74,720 పరిమళాలు! మీ గణిత పుస్తకంలోని సంయోగాల పాఠంతో మొదటి సంఖ్యను మీరే సరిచూసుకోవచ్చు.

ఇది అద్భుతమైన లెక్క. కాని ఒకటి గమనించండి. ఇందులో ద్రవ్యాలు ఉన్నాయి, పాళ్ళు ఉన్నాయి, మనిషి లేడు. పూసుకునేవారిని కూడా లెక్కలోకి తీసుకుంటే ఈ సంఖ్యకు అంతే ఉండదు.

మనిషి ఎక్కడ కనిపిస్తాడంటే, వైద్య గ్రంథాల ఋతుచర్యలో. చరక సంహిత హేమంత ఋతువులో ఒంటికి అగరును దట్టంగా పూసుకోమంటుంది. గ్రీష్మంలో చందనం పూసుకోమంటుంది. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్చిన మానసోల్లాసంలో స్నానం, విలేపనం, ధూపం రాజభోగాల్లో భాగాలు. 16వ శతాబ్దం చివర అబుల్ ఫజల్ రాసిన ఐన్-ఇ-అక్బరీలో అక్బరు సుగంధశాల గురించి ఒక ప్రకరణం ఉంది. అక్కడ అర్గజా అనే లేపనం తయారీని చెబుతూ, వేసవిలో చర్మాన్ని చల్లగా ఉంచడానికి దాన్ని వాడతారని కూడా రాశాడు.

ఒకే అత్తరు మనిషి మనిషికీ మారుతుందని ఈ గ్రంథాలన్నీ సిద్ధాంతం చేశాయని నేను అనడం లేదు. చరిత్రకారుడు అంత తొందరపడకూడదు. కాని ఏ కాలంలో ఒంటికి ఏది తగునని అడిగినవారికి, పరిమళం పనిచేసే చోటు పాత్ర కాదు, శరీరం అని తెలుసు. రాయపూర్ దుకాణంలో డిసెంబరులో షమామా అడిగే మనిషి, తనకు తెలియకుండానే, ఆ పాత ఋతుచర్యను పాటిస్తున్నాడు.

కొండవీటి వసంతం

ఇదే చూపుతో మన తెలుగు దేశపు కథ ఒకటి చదువుదాం. కొండవీటిని 1386 నుంచి 1402 వరకు పాలించిన కుమారగిరి రెడ్డికి కర్పూర వసంతరాయలని బిరుదు. ఏటా వసంతోత్సవాలు జరిపి సుగంధ ద్రవ్యాలను వెదజల్లించినందువల్ల ఆ పేరు వచ్చింది. ఆ ద్రవ్యాలను సమకూర్చిన వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆ కావ్యం అవతారికలో ఆయన వ్యాపార వివరాలు ఉన్నాయి. కర్పూరం పంజారం నుంచి, జవ్వాది గోవ నుంచి, కస్తూరి భోట దేశం నుంచి వచ్చేవి. వాటితోపాటు కుంకుమపువ్వు, పన్నీరు, అగరు, చందనం కూడా ఉత్సవానికి అందేవి.

సాధారణంగా ఈ జాబితాను సముద్ర వాణిజ్యానికి సాక్ష్యంగా చదువుతాం. అది సరైనదే. ఇప్పుడు దాన్నే ముక్కుతో చదవండి. కర్పూరం, పన్నీరు ముందుగా గుప్పుమని లేచి పోయేవి. కుంకుమపువ్వు, చందనం పూటంతా ఉండేవి. అగరు, జవ్వాది, కస్తూరి మరుసటి నాటికి కూడా బట్టలను విడవనివి. వసంతపు ఎండలో, చెమట పట్టిన వందల ఒళ్ళ మీద ఇవన్నీ పడ్డాయి. ఉదయం మొదలైన వాసన వేరు, రాత్రి ఇంటికి వెళ్ళిన వాసన వేరు అయి ఉండాలి. బిరుదులో మిగిలింది కర్పూరం పేరే. విచిత్రమేమిటంటే, ఆ ద్రవ్యాల్లో అన్నిటికంటే ముందు మాయమయ్యేది అదే.

చందనం మోసిన చరిత్ర

అత్తరు తయారీలో అందరికంటే ఎక్కువ పని చేసి తక్కువ పేరు తెచ్చుకున్నది చందన తైలం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో నేటికీ పాత పద్ధతి ఉంది. డేగ్ అనే రాగి పాత్రలో పువ్వులు, నీళ్ళు పోసి కింద మంట పెడతారు. మూతికి మట్టి మెత్తుతారు. ఆవిరి వెదురు గొట్టం గుండా భప్కా అనే మరో పాత్రలోకి వెళుతుంది. ఆ పాత్ర నీటి తొట్టిలో ఉంటుంది. దానిలో ముందుగానే పోసి ఉంచిన చందన తైలం పువ్వు వాసనను పీల్చుకుంటుంది. ఒడిశాలో, తెలుగువారు ఎందరో నివసించే బరంపురం చుట్టుపక్కల గంజాం తీరంలో, మొగలిపూల సారాన్ని కూడా రాగి పాత్రల్లో బట్టీ పట్టే తీస్తారు.

చందన తైలానికి తనదైన మెత్తని వాసన ఉంది. అది నెమ్మదిగా ఆవిరవుతుంది. ఎగిరిపోయే పువ్వు వాసనను పట్టి ఉంచి, కొంచెం కొంచెంగా విడుస్తుంది. అత్తరు ఒంటిమీద గంటల పాటు మారుతూ ఉండడానికి ఈ నూనె ఓపికే ముఖ్య కారణం.

ఆ చందనం ఇప్పుడు అరుదైంది. మితిమీరి నరకడం, దొంగ రవాణా, తెగుళ్ళ వల్ల చెట్లు తగ్గాయి. ధర సామాన్యునికి అందనంత పెరిగింది. చాలామంది తయారీదారులు చందనం బదులు ద్రవ పారఫిన్ వంటి వాసన లేని చవక నూనెలు వాడుతున్నారు. కస్తూరి మృగాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాపాడుతోంది. అది న్యాయమైన చట్టం. కనుక నేటి కస్తూరి అత్తర్లు ప్రధానంగా కృత్రిమ ద్రవ్యాలతో చేసినవే.

ఇక్కడ మనం పోగొట్టుకుంటున్నదేమిటో ఆలోచించండి. సీసా మీద పేరు అదే ఉండవచ్చు. మూత తీయగానే వచ్చే మొదటి వాసన కూడా దాదాపు అదే ఉండవచ్చు. కాని ఆధారమైన నూనె మారితే, ఒంటిమీద అది నడిచే దారి మారుతుంది. వంటకం పేరు మిగిలి రుచి పోయినట్టే ఇదీ. తయారీ విధానాన్ని ఎంత జాగ్రత్తగా రాసిపెట్టినా, ఆ నూనె, దాన్ని పూసుకునే ఒళ్ళు, ఆ ఋతువు కలిసినప్పుడే ఆ చరిత్ర మనకు అందుతుంది. 2014 ప్రాంతంలో కన్నౌజ్ పరిమళాలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అది పేరును కాపాడుతుంది. నూనెను కాపాడాలంటే చెట్టును పెంచాలి.

మీరే చేసి చూడండి

పాఠం ముగించే ముందు మీకొక పని. వేర్వేరు ఇళ్ళకు చెందిన ముగ్గురు, నలుగురు కలవండి. ఒకే అత్తరును ఒక్కొక్క చుక్క మీ మణికట్టుకు రాసుకోండి. చర్మానికి పడని వారు రాసుకోవద్దు, పరిశీలకులుగా ఉండండి. మరొక చుక్కను దూది మీద వేసి పక్కన పెట్టండి. అత్తరు దూదిని చెవి మడతలో పెట్టుకునే పాత అలవాటును మీరు పెద్దవారిలో చూసే ఉంటారు. అయిదు నిమిషాలకు, గంటకు, సాయంత్రానికి ఒకరి చేతిని మరొకరు వాసన చూసి, ఎవరికి వారు విడిగా రాసుకోండి. ఆ తర్వాతే పోల్చి చూడండి. ఇదే పనిని ఎండాకాలం ఒకసారి, చలికాలం ఒకసారి చేయండి.

మీ కాగితాలు ఒకదానితో ఒకటి కలవవు. కలవనందుకు కంగారుపడకండి. ఎవరు తప్పు రాశారని వెతకడం మాని, ఎందుకు వేరుగా రాశారని అడగండి. ఒకే సంఘటన మీద ఇద్దరు సాక్షులు రెండు రకాలుగా చెప్పినప్పుడు చరిత్రకారుడు చేసే పని కూడా ఇదే. అప్పుడు కొండవీటి వసంతం గురించి చదివితే, అక్కడ ఎంత కర్పూరం చల్లారన్న ప్రశ్నతో మీరు ఆగరు. అది ఎవరి ఒంటిమీద పడింది, ఎంతసేపు నిలిచింది అని కూడా అడుగుతారు.